పెరటి చేపలకు కొంగల బెడద: వల, షేడ్ నెట్, దారాలు, హాపా... మీ నీళ్లకు ఏది సరిపోతుంది?

ఆగస్టులో మా ఇంటి వెనక సిమెంటు తొట్టిలో 100 రోహు పిల్లలు పోశాం. మృగశిర కార్తె నాడు బజారులో చేపల కోసం కొట్లాడే పని లేకుండా, మన తొట్టిలో పెరిగిన చేపనే వండుకుందామని మా ఆశ. దసరా ముందు నీళ్లు తగ్గించి చూస్తే, ఎన్నిసార్లు లెక్కపెట్టినా 23 ఉన్నాయి. ఆ రెండు నెలల్లో ఒక్క చేప కూడా చచ్చి పైకి తేలలేదు. మిగతా 77 ఎటు పోయాయో ఆ తర్వాత వారం రోజులు తెల్లవారుజామున కిటికీ దగ్గర కూర్చుంటే గానీ అర్థం కాలేదు.

మాది నల్లగొండ పక్కన పానగల్లు. ఉదయ సముద్రం కట్ట ఇంటికి దగ్గరే. ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు (ఏఎంఆర్‌పీ) కాల్వ నీళ్లు ఆ రిజర్వాయరులోకి వస్తాయి కాబట్టి ఎండాకాలం కూడా అక్కడ పక్షులు కనిపిస్తాయి. మా అక్కావాళ్లది దేవరకద్ర వైపు, కోయిల్‌సాగర్‌కు దగ్గర. వాళ్లకు పొలంలో 20 మీటర్లకు 20 మీటర్ల పంటకుంట ఉంది, అందులో బొచ్చె, రోహు వేస్తారు. మాకూ వాళ్లకూ ఒకటే బెడద. కానీ మాకు పనికొచ్చింది వాళ్లకు పనికిరాలేదు, వాళ్లకు కుదిరింది మాకు అవసరం పడలేదు. అందుకే ఎవరైనా "చేపల మీదికి ఏ వల కొనాలి?" అని అడిగితే నేను వెంటనే చెప్పను. మీ నీళ్లెంత, మీ చేపెంత, వచ్చే పక్షి ఏది అని ముందు అడుగుతాను.

ముందు దొంగ ఎవరో తేల్చుకోండి

ఎక్కువగా వచ్చేది గుడ్డి కొంగ. గట్టు మీద కూర్చుంటే మట్టిపెళ్లలా ఉంటుంది, లేచి ఎగిరితే ఒక్కసారిగా తెల్లగా మారిపోతుంది. రెక్కలు తెలుపు, వీపు మట్టిరంగు. మనిషి దగ్గరికి వచ్చే దాకా కదలదు కాబట్టి పెద్దలు దాన్ని గుడ్డిది అన్నారు. నేను చూసిన రోజు అది తొట్టి అంచు మీద అరగంట పైన ఒకే తీరుగా నిలబడింది. మెడ పూర్తిగా లోపలికి ముడుచుకుంది. తర్వాత ఒక్క పోటు! ముక్కులో చేపపిల్ల మిలమిలా కొట్టుకోవడం కనిపించింది, మింగడం కూడా కనిపించలేదు. కొంగజపం అన్న మాట దీన్ని చూసే పుట్టి ఉంటుంది. ఈ కొంగకు కాలు మోపే చోటు కావాలి. అంచు, మెట్టు, నీళ్లలోకి దిగిన పైపు, ఏదైనా చాలు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం పరిష్కారం దొరికినట్టే.

నీటికాకి తీరు వేరు. అది నేరుగా నీళ్లలో దిగి, మునిగి, చేపను లోపలే తరిమి పట్టుకుంటుంది. దాని ఈకలు నీళ్లకు తడిసిపోతాయి. అందుకే వేట అయ్యాక కరెంటు స్తంభం మీదో ఎండిన కొమ్మ మీదో రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటూ కూర్చుంటుంది. మీ కుంట దగ్గర అలా నల్లటి పక్షి రెక్కలు చాచి కనిపిస్తే గట్టు కట్టుదిట్టం చేసి లాభం లేదు, నీళ్ల పైభాగం సంగతి చూడాలి. ఇంటి తొట్టికి ఇది అరుదుగా వస్తుంది. పంటకుంటకు మాత్రం గుంపుగా వస్తుంది.

మూడోది లకుముకి పిట్ట. నీలం వీపు, గోధుమరంగు తల, తెల్లటి గొంతు, పెద్ద ఎర్ర ముక్కు. తీగ మీద కూర్చుని పైనుంచి చూసి దూకుతుంది. వేలెడు చేపలే దానికి కావాలి. మీ తొట్టి మీదుగా బట్టలారేసే తీగ ఉంటే దానికి మీరే పీట వేసినట్టు. ముందు ఆ తీగ తీసేయండి, ఖర్చు లేని పని.

రాత్రి కొంగ చీకటి పడ్డాక వస్తుంది కాబట్టి పగలు ఎంత కాపలా కాసినా అది చిక్కదు. నారాయణ పక్షి లాంటి పెద్ద కొంగ వస్తే మాత్రం పెద్ద చేపలకూ ముప్పే. మింగలేని చేపను కూడా పొడిచి వదిలేస్తుంది. చేప వీపు మీద లోతైన పోటు కనిపిస్తే దాని పని అనుకోవచ్చు.

ఇంకో మాట. బర్రెల వెంట, ట్రాక్టర్ వెంట తిరిగే తెల్లకొంగలు ఎక్కువగా పురుగులు, మిడతలు తింటాయి. దసరా నాడు మనం మొక్కే పాలపిట్ట కూడా పురుగులు తినేదే. దాని నీలం రెక్కలు చూసి లకుముకి అనుకుని రాయి విసిరేవాళ్లను చూశాను, మనసుకు కష్టమనిపించింది.

అసలు పక్షే వస్తోందా అన్న అనుమానం ఉంటే సాయంత్రం తొట్టి చుట్టూ ముగ్గుపిండి పలచగా చల్లండి. పొద్దున ముందు మూడు, వెనక ఒకటి పొడవాటి వేళ్ల గుర్తులుంటే కొంగ. గుండ్రటి పాదాలైతే పిల్లి. నీరుకట్టె పాము కూడా చేపపిల్లల్ని తింటుంది, అది గీత గీసినట్టు జారిపోయిన జాడ వదులుతుంది. చేపలు తెల్లవారుజామున పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ, కొన్ని వెల్లకిలా తేలితే అది నీళ్లలో ఆక్సిజన్ తగ్గడం వల్ల వచ్చిన సమస్య. దానికి వల కొంటే డబ్బు దండగ.

వల: మంచిదే, కానీ ఏ వల?

ఇంటి తొట్టికి, 15 అడుగుల లోపు గుంటకు వలను మించింది లేదు. ఈ మాట గట్టిగానే చెబుతాను. అయితే నేను మొదట కొన్న వల తప్పు వల.

అపార్ట్‌మెంట్ బాల్కనీలకు పావురాలు రాకుండా కట్టే సన్నటి, పారదర్శకమైన వల ఉంటుంది కదా, అదే తెచ్చాను. షాపులో "ఇది అన్నిటికీ పనికొస్తది" అన్నారు. పైగా కనిపించదు కాబట్టి తొట్టి అందం పోదనుకున్నాను. దాన్ని నీళ్ల మీద వదులుగా పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టాను. మూడో వారం పొద్దున్నే మా అత్తమ్మ కేక వేసింది. "ఓ బిడ్డా, జల్ది రా! పిట్ట చచ్చేటట్టున్నది."

లకుముకి. పైనుంచి దూకింది, దానికి దారం కనిపించలేదు. ఒక రెక్క పూర్తిగా చుట్టుకుపోయింది, కాలికి రెండు మెలికలు. ఎర్రటి ముక్కు తెరిచి ఉంది, అరుపు మాత్రం రావడం లేదు. నేను పాత తువ్వాలు తల మీద కప్పాను. చీకటి అయ్యేసరికి కొట్టుకోవడం ఆపింది. అత్తమ్మ చేతిలో చిన్న కత్తెర. దారం ఈకల కింద ఎంత లోపలికి పోయిందంటే, దేన్ని కోస్తున్నామో తెలియక చర్మం దగ్గర ఆగి ఆగి కోయాల్సి వచ్చింది. నా అరచేతికి దాని గుండె కొట్టుకోవడం తెలుస్తోంది, లెక్కపెట్టలేనంత వేగం. చివరి మెలిక తెగాక గంప కింద నీడలో గంటసేపు ఉంచాం. గంప ఎత్తగానే ఎగిరి పక్కింటి తీగ మీద వాలింది. ఆ మధ్యాహ్నమే ఆ వల ముక్కలు ముక్కలుగా కోసి పడేశాం. పారేసిన వల కూడా పాములకు, కుక్కలకు ఉరే కదా, అందుకే ముక్కలు.

తర్వాత చేపల వలలు అమ్మే చోట కిలో లెక్కన దొరికే అల్లిక వల తెచ్చాను. దారం లావు, రంగు నలుపు, దూరం నుంచి కూడా కనిపిస్తుంది. వల కొనేటప్పుడు చూడాల్సినవి ఇవే. టంగూస్ దారంలా ఒంటిపోగు ఉండకూడదు, పేనిన దారం కావాలి. ఎండకు తట్టుకునే రకం కావాలి, ఎందుకంటే మన నల్లగొండ ఎండకు మామూలు నైలాన్ ఒక ఎండాకాలం దాటేసరికి వేలితో లాగితే తెగిపోయేలా అవుతుంది. ఇక కన్ను సైజు. కొంగలకు మాత్రమే అయితే రెండు అంగుళాల కన్ను చాలు. లకుముకి కూడా వస్తుంటే అంగుళం లోపు కన్ను కావాలి.

కట్టే తీరు వల కంటే ముఖ్యం. నీళ్లకు, వలకు మధ్య కనీసం మూరెడు ఎత్తు ఉండాలి. తక్కువైతే కొంగ వల మీదే నిలబడి, దాని బరువుకు వల కిందికి వంగితే కన్నులోంచే పొడుస్తుంది. చుట్టూ వెదురు బొంగులతోనో జీఐ పైపుతోనో చట్రం చేసి, వలను మంచం నవారు బిగించినట్టు బిగించాలి. చేత్తో కొడితే తిరిగి ఎగరాలి. మూలల్లో తాడు బదులు పాత సైకిల్ ట్యూబు ముక్కలతో కడితే గాలివానకు సాగి మళ్లీ బిగుస్తుంది, చిరగదు. తొట్టి 10 అడుగులకు 12 అడుగులైతే వల 14కు 16 తీసుకోండి. అన్ని వైపులా రెండేసి అడుగులు కిందికి దిగి, అంచు నేలకు ఆనాలి. పక్కల సందు వదిలితే కొంగ నడిచి లోపలికి వస్తుంది, బయటికి పోయే దారి తెలియక వలకు కొట్టుకుంటుంది. అప్పుడు చేపకూ నష్టం, పక్షికీ నష్టం.

వలతో ఉన్న పెద్ద ఇబ్బంది ఆకులు. మా తొట్టి పక్కన వేపచెట్టు. ఆకు రాలే కాలంలో రెండు రోజులకోసారి చీపురుతో దులపకపోతే వల బరువెక్కి సాగిపోతుంది. రెండో ఇబ్బంది కోతులు. కోతులు తిరిగే ఊరైతే ఏ దారపు వలా ఎక్కువ రోజులు ఉండదు. ఊయల అనుకుని ఊగుతాయి. అలాంటి చోట వెల్డింగ్ షాపులో చట్రం చేయించి, దానికి వెల్డ్ మెష్ జాలి వేయించుకోవడమే మేలు. ఖర్చు ఒక్కసారి ఎక్కువ, తర్వాత ఏళ్ల తరబడి చింత లేదు. మూత రెండు ముక్కలుగా చేయించండి, ఒక్కరే లేపగలగాలి. జాలి నీళ్లకు తగలకుండా చూసుకోండి, తుప్పు పడుతుంది. ఆరడుగులకు ఎనిమిది అడుగుల తొట్టి దాకా ఇది బాగుంటుంది, అంతకు మించితే మూత మోయలేం.

షేడ్ నెట్ ఎప్పుడు మంచిది, ఎప్పుడు కాదు

నర్సరీల్లో వాడే ఆకుపచ్చ షేడ్ నెట్ మన దగ్గర ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. దాని రంధ్రాలు ఎంత చిన్నవంటే పిట్ట కాలు కూడా ఇరుక్కోదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 2021 సెప్టెంబరు నుంచి ఇళ్లలో పండ్ల చెట్ల మీద కప్పే వలకు సాగదీసినప్పుడు రంధ్రం 5 మిల్లీమీటర్లు దాటకూడదని నియమం పెట్టారు. పక్షులు, గబ్బిలాలు చిక్కుకుని చావకుండా ఉండటానికే ఆ నియమం. మన షేడ్ నెట్ ఆ లెక్కకు సహజంగానే సరిపోతుంది. పైగా మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలకు పోయినప్పుడు చిన్న తొట్టిలో నీళ్లు వేడెక్కి చేపలు చచ్చిపోతాయి. షేడ్ నెట్ ఆ ముప్పునూ తగ్గిస్తుంది, నీళ్లు ఆవిరి కావడమూ తగ్గుతుంది.

కానీ రోహు, బొచ్చె పెంచేవాళ్లు ఒకటి ఆలోచించాలి. ఆ చేపల సహజమైన మేత చాలా వరకు పచ్చనీళ్లలోనే, అంటే సన్నటి నాచు పెరిగి పచ్చబడ్డ నీళ్లలోనే తయారవుతుంది. దానికి ఎండ కావాలి. తొట్టి మొత్తం 75 శాతం నీడనిచ్చే నెట్‌తో కప్పేస్తే నీళ్లు తేటగా ఉంటాయి, చేప మాత్రం ఎదగదు. అప్పుడు తవుడు, పల్లిచెక్క మీదే పెంచాలి, ఖర్చు పెరుగుతుంది. కాబట్టి బంగారు చేపలు, కోయి చేపలు, డాబా మీద టబ్బుల్లో పెంచుకునే రంగు చేపలకు షేడ్ నెట్ నిస్సందేహంగా మంచిది. వంట చేపకు 50 శాతం రకం తీసుకుని ఎండాకాలం మాత్రం వాడి, వానాకాలంలో మామూలు వలకు మారడం మేలు. మేము అదే చేస్తున్నాం. గాలివాన వచ్చేటప్పుడు షేడ్ నెట్ తెరచాపలా ఎగిరి చట్రాన్నే లాక్కుపోతుంది. మబ్బు పట్టగానే ఒక పక్క విప్పేయాలి.

పంటకుంటకు లెక్క మారుతుంది

మా బావ మొదట వలతోనే మొదలుపెట్టాడు. 20 మీటర్ల కుంటకు అంచులు కలుపుకుని 22కు 22, అంటే 484 చదరపు మీటర్ల వల కావాలి. అంత వెడల్పున వల మధ్యలో సాగకుండా ఆపాలంటే నీళ్లలో స్తంభాలు దింపాలి. ప్లాస్టిక్ షీటు వేసిన కుంటలో స్తంభం దింపితే షీటు చిరుగుతుంది. అక్కడే ఆగిపోయింది ఆ ఆలోచన.

రెండో దారి దారాలు. కుంట మీదుగా ఒక గట్టు నుంచి ఇంకో గట్టుకు, అడుగున్నర ఎడంతో గట్టి దారాలు లాగి కట్టడం. కోస్తాలో రొయ్యల చెరువుల మీద ఇలాంటి దారాలు కనిపిస్తాయి. 20 మీటర్ల కుంటకు ఒక వైపు మాత్రమే లాగితే సుమారు 44 దారాలు, మొత్తం 880 మీటర్లు. వలతో పోలిస్తే చాలా తక్కువ ఖర్చు, ఆకులు నిలవవు, గాలికి తట్టుకుంటుంది. నీటికాకి దిగడానికి, మళ్లీ నీళ్ల మీద పరుగు తీసి లేవడానికి తెరిపి కావాలి. దారాలు ఆ తెరిపిని ముక్కలు చేస్తాయి. పెద్ద కొంగలకూ ఇది అడ్డే. లకుముకికి మాత్రం ఇది ఏమీ కాదు, సందులోంచి దూరిపోతుంది. దారం కనిపించేలా తెల్లదో పసుపుదో వాడండి, అక్కడక్కడ రిబ్బను ముక్కలు కట్టండి. గట్టు చుట్టూ కూడా బెత్తెడు ఎత్తులో ఒకటి, మూరెడు ఎత్తులో ఒకటి దారాలు లాగితే నడిచి దిగే కొంగకు అడ్డం పడతాయి.

అయితే అక్కావాళ్ల కుంటను నిజంగా కాపాడింది ఇవేవీ కాదు, హాపా. సన్న కన్ను వలతో దోమతెరను తలకిందులు చేసినట్టు కుట్టిన సంచి అది. కుంటలోనే నాలుగు గుంజలకో, తేలే చట్రానికో కడతారు. చేపపిల్లల్ని నేరుగా కుంటలో వదలకుండా ముందు ఆ హాపాలో పోసి, దాని మీద ఇంకో వల మూతలా కప్పి, లోపలే మేత వేసి పెంచుతారు.

ఇందులో కిటుకు చెబుతాను. గుడ్డి కొంగ, నీటికాకి, లకుముకి ఈ మూడూ మింగేది చిన్న చేపనే. జానెడు దాటి, వీపు ఎత్తుగా పెరిగిన రోహు వాటి గొంతులో పట్టదు. మనం పిల్లల్ని పోసేది వానలు పడ్డాక, జులై, ఆగస్టుల్లో. కొంగలు గూళ్లు కట్టి పిల్లలకు మేత మోసేది కూడా ఆ వానాకాలమే. ఊరి చింతచెట్టు మీద కొంగపిల్లలు నోళ్లు తెరిచి అరిచే రోజుల్లోనే మన కుంటలో వేలెడు చేపలు తిరుగుతుంటాయి. ఆ మూడు నాలుగు నెలలు గట్టెక్కితే తర్వాత పెద్ద టెన్షన్ ఉండదు. 400 చదరపు మీటర్ల నీళ్లు కప్పలేం గానీ, నాలుగు మంచాలంత హాపా ఎవరైనా కప్పగలరు. మా బావ మాటల్లో చెప్పాలంటే, "కుంటకు కాదు, పిల్లలకు గొడుగు పట్టాలె."

హాపాకు చాకిరీ ఉంది. కన్నుల్లో నాచు పట్టి లోపలికి నీళ్లు ఆడవు, వారానికోసారి బయటి నుంచి మెత్తటి బ్రష్షుతో రుద్దాలి. ఒకే హాపాలో ఎక్కువ పిల్లల్ని కుక్కితే ఊపిరాడదు, పెరిగే కొద్దీ పలచన చేయాలి. ఇది చేయలేమనుకుంటే, వేలెడు పిల్లలు కొనకుండా జానెడు సైజు పిల్లలు దొరికే చోట తెచ్చుకోండి. ఒక్కోటి ఖరీదు ఎక్కువే అయినా, చివరికి మిగిలే లెక్క చూస్తే అదే లాభం.

కొర్రమీను పెంచేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. మన రాష్ట్ర చేప అది. గాలి పీల్చుకోవడానికి మాటిమాటికీ పైకి వస్తుంది, దాని పిల్లలు ఎర్రగా, గుంపుగా నీళ్ల పైభాగంలోనే తిరుగుతాయి. తల్లి కింద కాపలా ఉన్నా పైనుంచి వచ్చే లకుముకిని అది ఆపలేదు. కొర్రమీనుకు వల తప్పనిసరి. ఆ చేప ఎగిరి బయట పడుతుంది కాబట్టి కూడా తప్పనిసరి.

బెదిరించే పద్ధతులు

మెరుపు రిబ్బన్లు, పాత సీడీలు, గడ్డి బొమ్మ, డబ్బా చప్పుడు ఇవన్నీ ప్రయత్నించాం. మొదటి నాలుగైదు రోజులు పక్షి రాదు. తర్వాత బొమ్మ చోటు మారకపోతే దాని భుజం మీదే వాలుతుంది. రోజుకో చోటికి మారుస్తూ, ఒక రోజు చొక్కా మారుస్తూ ఉంటే ఇంకొన్ని రోజులు లాగొచ్చు. వల వచ్చే లోపు వారం పది రోజులకు పనికొస్తాయి, అంతే. ప్లాస్టిక్ కొంగ బొమ్మ పెడితే అసలు కొంగ రాదంటారు. మన కొంగలు ఒకదాన్ని చూసి ఇంకొకటి దిగేవి. బొమ్మను చూసి "ఇక్కడ మేత ఉంది" అనుకునే అవకాశమే ఎక్కువ.

అల్ట్రాసోనిక్ మిషన్లకు మాత్రం దయచేసి డబ్బు పెట్టకండి. మనిషి చెవికి వినపడని ఆ హెచ్చు స్థాయి శబ్దం పక్షి చెవికీ వినపడదు. కదలిక పసిగట్టి నీళ్లు చిమ్మే యంత్రం నయం, కొంగ నిజంగానే ఉలిక్కిపడి లేస్తుంది. కాకపోతే దానికి నీళ్ల ప్రెషర్ కావాలి, దారిన పోయే మనల్నీ తడుపుతుంది. ఇంట్లో కుక్క ఉండి, అది పెరట్లో పడుకునేదైతే పగటి పూట దాన్ని మించిన కాపలా లేదు. తెల్లవారుజామున అది నిద్రపోతుంది, కొంగ వచ్చేది సరిగ్గా అప్పుడే.

చేపకు దాక్కునే చోటు

ఏ వల వేసినా, వేయకపోయినా ఇది చేయండి. నాలుగు అంగుళాల పీవీసీ పైపు ముక్కలు, మూతి పగిలిన కుండలు అడుగున పడేస్తే నీడ పడగానే చేప అందులోకి దూరుతుంది. తొట్టి కొత్తగా కడుతుంటే గోడలు నిటారుగా, లోతు మూడున్నర నుంచి నాలుగు అడుగులు ఉంచండి. మెట్లు, వాలు ఉంటే కొంగకు దిగే దారి ఇచ్చినట్టు. చిన్నపిల్లలున్న ఇంట్లో నిటారు తొట్టి ప్రమాదం కాబట్టి, అక్కడ గట్టి మూతే సరైనది. కలువలు మూడో వంతు నీళ్లు కప్పేలా పెంచితే నీడ, అందం రెండూ వస్తాయి. నీళ్లంతా కమ్ముకుంటే రాత్రి ఆక్సిజన్ తగ్గుతుంది. గుర్రపుడెక్క మాత్రం ఒక్క మొక్క కూడా తేవద్దు. వాన నీళ్లతో కొట్టుకుపోయి ఊరి చెరువులో పడితే మళ్లీ తీయలేం.

మేత వేళ కూడా మార్చి చూడండి. తెల్లవారుతూనే తవుడు చల్లితే చేపలన్నీ పైకి వస్తాయి, కొంగ ఆ వేళ నేర్చుకుంటుంది. మేము ఇప్పుడు పది గంటల తర్వాత, చిన్న రంధ్రాలు పెట్టిన సంచిలో మేత నింపి నీళ్లలోకి దించుతున్నాం. చేపలు కిందే తింటాయి.

ఎంత కోపం వచ్చినా చేయకూడనివి

గుళికల మందు కలిపిన చేప ఎర పెట్టే పని ఎవరైనా చెబితే వినకండి. ఆ విషం పక్షితో ఆగదు. దాన్ని తిన్న కుక్క, ఆ నీళ్లు తాగిన మేక, చేప తిన్న మనం, ఎవరికైనా ముప్పే. కరెంటు తీగ చుట్టడం అంతకంటే ఘోరం. చీకట్లో అడవి పందుల కోసం పెట్టిన తీగలకు మనుషులే పోయిన ఇళ్లు మన ఊళ్లలో ఉన్నాయి. కొంగల్ని, నీటికాకుల్ని చంపడం, ఉచ్చు వేసి పట్టడం, గూళ్లు పడగొట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఒక కొంగ పోతే ఆ చోటుకు ఇంకో కొంగ వస్తుంది. నీళ్లు అక్కడే ఉన్నాయి, చేపలు అక్కడే ఉన్నాయి.

వలలో కొంగ చిక్కితే ముందు తల పట్టుకోండి, దాని ముక్కు సూటిగా మన కళ్ల మీదికి వస్తుంది. గుడ్డ కప్పి, వలను కోయండి, పక్షిని లాగకండి. రెక్క విరిగినట్టు అనిపిస్తే అటవీ శాఖ వాళ్లకు చెప్పండి.

ఇక నా సలహా

డాబా మీద టబ్బులు, రంగు చేపలు ఉన్నవాళ్లు షేడ్ నెట్ కొనండి. పెరట్లో సిమెంటు తొట్టి, వంట చేప ఉంటే లావు దారపు వల, మూరెడు ఎత్తున, బిగించి. కోతులుంటే వెల్డ్ మెష్ మూత. పంటకుంట ఉన్నవాళ్లు ముందు హాపాకు డబ్బు పెట్టండి, మిగిలితే దారాలు కట్టండి. చేతిలో డబ్బు అసలే లేకపోతే ఈ ఏడాదికి బట్టల తీగ తీసేసి, అడుగున కుండలు, పైపులు వేసి, మేత వేళ మార్చండి. అంతా పోకుండా కొన్నైనా మిగులుతాయి.

మా తొట్టిలో మళ్లీ వానాకాలం పోసిన 100లో ఈ ఉగాదికి 81 ఉన్నాయి. జానెడు దాటినవి సగం పైనే. గుడ్డి కొంగ ఇప్పటికీ వస్తుంది. చట్రం పైపు మీద కాసేపు నిలబడి, వల వైపు మెడ సాచి చూసి, పక్కనున్న వరి మడిలోకి ఎగిరిపోతుంది. అక్కడ దానికి కప్పలు, పురుగులు బోలెడు. అది లేచి వెళ్లాక అత్తమ్మ చీపురు తీసుకుని వల మీది వేపాకు దులుపుతుంది.